నేను కూడా చదివాను

శనివారం చివరి పీరియడ్‌లో ముప్ఫై ఎనిమిది చదువు డైరీలు దిద్దడానికి మాస్టారికి పద్దెనిమిది నిమిషాలు పట్టేది. గోడ గడియారం చూసి ఆయనే లెక్క కట్టుకున్నాడు. ఎడమచేత్తో డైరీ తెరవడం, ఆ వారం పేజీ కింద ఎర్ర సిరాతో టిక్కు పెట్టడం, తారీఖు వెయ్యడం, ఓ ముక్క రాయడం, కుడిపక్క దొంతర మీద పడెయ్యడం. పేజీ పైన రాసిన పుస్తకం పేరు మీద ఎప్పుడైనా చూపు పడేదేమో గానీ, దాని కింద పిల్లలు రాసినదాన్ని ఆయన కళ్ళు దాటుకుని వెళ్ళిపోయేవి. రాయడానికి ఆయన దగ్గర మూడు రకాల ముక్కలుండేవి. మామూలు పిల్లలకి "బాగుంది". కోడిగీతల వాళ్ళకి "దస్తూరీ మెరుగుపరచుకో". ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాళ్ళకి మాత్రం "మంచి పుస్తకం. నేను కూడా చదివాను". ఈ మూడోది ఆయన సొంతంగా కనిపెట్టిన ముక్క. అది చూసుకున్న పిల్లల మొహాలు విప్పారడం గమనించాక ఆయన దాన్ని ఉదారంగానే వాడుతూ వచ్చాడు.

పుస్తకాలంటే ఆయనకి ప్రేమ లేదనడానికి వీల్లేదు. ప్రేమ ఉంది, చదవడమే లేదు. క్లాసులో బల్ల అంచున కూర్చుని, కళ్ళు సగం మూసి, "పుస్తకం తెరిచారంటే ఇంకో ఇంటి తలుపు తెరిచినట్టేరా" అని మొదలుపెడితే అల్లరి పిల్లలు కూడా నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. బడంతా ఆయన్ని పుస్తకాల మాస్టారనేది. ఇంట్లో ఆయన భార్య కూడా ఆ పేరుతోనే పిలిచేది గానీ ఆవిడ గొంతులో భక్తి ఉండేది కాదు. "పుస్తకాల మాస్టారూ, మీ ఫోను కిందపడింది, గుండెల మీద పెట్టుకుని నిద్రపోయారు" అని లేపేది.

వారానికొక పుస్తకం చదవాలి, డైరీ రాయాలి, ఖాళీ పేజీ కనబడితే ఊరుకోను. ఇది ఆయన పెట్టిన నియమం. శుక్రవారం నాడు స్టాఫ్‌రూములో ఉన్న ఇనప బీరువా తెరిచి, మొదటి బెంచీ నుంచి వరసగా పిలిచి ఒక్కో పుస్తకం చేతికిచ్చేవాడు. బీరువాలో పుస్తకాలు ముప్ఫై. క్లాసులో పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది. వెనక రెండు బెంచీల దగ్గరికి వచ్చేసరికి బీరువా ఖాళీ అయ్యేది, గంట కొట్టేసేవారు, ఆయన తాళం వేసుకునేవాడు. ఆ ఎనిమిది మంది శనివారం డైరీలో ఏం రాస్తున్నారో అడగాలని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. డైరీలైతే ముప్ఫై ఎనిమిదీ వస్తూనే ఉన్నాయి.

ఆ శనివారం ఆయన ఇరవయ్యో డైరీ దగ్గర ఉండగా పెద్ద మేడమ్ తలుపు దగ్గరికి వచ్చింది. ఆవిడ ఆ బడికి ప్రధానోపాధ్యాయురాలు. మామూలుగా కబురంపేదే తప్ప తనే నడిచి వచ్చే రకం కాదు.

"మాస్టారూ, సోమవారం పైఆఫీసు నుంచి అధికారి వస్తున్నారు. మీ చదువు డైరీల గురించి విన్నారంట. నచ్చితే అన్ని బళ్ళలో ఇదే పెడతారంట. మిగతా టీచర్లకి నేర్పడానికి మిమ్మల్నే పంపమంటారేమో కూడా."

"మనదేముందండీ, పిల్లల కష్టం" అన్నాడు మాస్టారు. అంటూనే లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

ఇద్దరూ కలిసి ప్రదర్శనకి పది డైరీలు ఎంచారు. ఎంచడమంటే చదివి కాదు, అట్టలు చూసి. వాటిలో అన్నిటికన్నా ముందు పెద్ద మేడమ్ చేతికి వచ్చింది దర్జీ కూతురి డైరీ. బజార్లో కొన్నది కాదు. తెల్ల కాగితాలు మడిచి, మధ్యలో ఎర్ర దారంతో మిషను కుట్టు వేసి, కోటు గుడ్డ ముక్కతో అట్ట కట్టింది. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. క్లాసులో పిల్లలు ఆ అమ్మాయిని దారపుండ అంటారు. ఆఖరి బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటుంది, అడిగితే తప్ప మాట్లాడదు.

"అక్షరాలు చూడండి, అచ్చు వేసినట్టున్నాయి" అంది పెద్ద మేడమ్ పేజీలు తిప్పుతూ. "ప్రతి పేజీలోనూ మీరు కూడా చదివానని రాశారే! ఎన్ని పుస్తకాలు చదివారండీ బాబూ మీరు!"

మాస్టారు వినయంగా నవ్వాడు.

సోమవారం వచ్చిన అధికారిణి పొట్టిగా, సన్నగా, చేతిసంచీతో ఆటో దిగింది. టీ వద్దంది. పూలగుత్తిని పక్కన పెట్టించింది. డైరీలు పరిచిన బల్ల దగ్గరికి నేరుగా వెళ్ళి, పిల్లలు కూర్చునే కురచ కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుని, చదవడం మొదలుపెట్టింది.

ఇది ఎవరూ అనుకోని సంగతి. అధికారులంటే పేజీలు తిప్పుతారు, తల పంకిస్తారు, ఫొటో దిగి వెళ్ళిపోతారు. ఈవిడ ఎర్ర దారం డైరీ తీసి మధ్యలో ఎక్కడో తెరిచి, వేలు పెట్టుకుని చదువుతూ పోయింది. పది నిమిషాలయింది. పెద్ద మేడమ్ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంది. ఇరవై నిమిషాలయింది. డైరీల పక్కన వాటి తాలూకు పిల్లలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. దర్జీ కూతురు ఆవిడ తిప్పే పేజీల వంకే చూస్తోంది. అరగంటకి ఆవిడ తలెత్తింది.

"మాస్టారూ, ఈ 'వాన కొలిచే మనిషి' ఎక్కడ దొరుకుతుందండీ?"

"అది... పాత పుస్తకమండీ."

"మీరు చదివారుగా. ఇక్కడ రాశారు."

"చదివానండీ. ఎప్పుడో."

"ఎవరు రాశారు? ఈ అమ్మాయి రచయిత పేరు దగ్గర 'చెదలు తినేసింది' అని రాసింది."

"మా బీరువాకి చెదల బెడద కొంచెం ఎక్కువండీ" అన్నాడు మాస్టారు.

అధికారిణి మూలనున్న ఇనప బీరువా వంక ఒకసారి చూసి ఊరుకుంది. "పోనీ ఇది చెప్పండి. చివరికి ఆ ముసలాయన ఏమవుతాడు? ఈ పిల్ల 'ముగింపు నేను చెప్పను, చదివితేనే బాగుంటుంది' అని ఆపేసింది. మనసు ఊరుకోవడం లేదు."

మాస్టారికి నోట్లో వెలక్కాయ పడింది. ముసలాయన ఎవరో, వాన కొలవడమేమిటో ఆయనకి తెలియదు. గదిలో అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ముసలివాళ్ళు కథల చివర ఏమవుతారో ఒక్కసారి ఆలోచించాడు.

"చనిపోతాడండీ" అన్నాడు.

దర్జీ కూతురు చప్పున తలెత్తి ఆయన వంక చూసింది. కళ్ళు పెద్దవి చేసింది. ఆ వెంటనే పెదవులు బిగించి, పొంగుకొస్తున్న నవ్వుని లోపలే ఆపుకుంది. అది ఇంకెవరూ చూడలేదు. మాస్టారు చూశాడు.

అధికారిణి నిట్టూర్చింది. "అయ్యో, చంపేశాడా! సరే. మాస్టారూ, వేసవి సెలవుల్లో పది రోజులు పిల్లల రచనా శిబిరం పెడుతున్నాం. బడికి ఒక్కరే. మీ బడి నుంచి ఈ అమ్మాయిని పంపండి. ఆ పుస్తకం నేను కూడా వెతుకుతాను."

ఆ సాయంత్రం బడి వదిలాక మాస్టారు స్టాఫ్‌రూములో ఒక్కడే కూర్చుని ఎర్ర దారం డైరీ తెరిచాడు. కళ్ళజోడు తుడుచుకుని, చాలాకాలం తరవాత, మొదటి పేజీ మొదటి లైను నుంచి చదివాడు.

మొదటి పేజీలో పుస్తకం పేరు లేదు. "సార్, ఈ వారం నాదాకా పుస్తకం రాలేదండి. డైరీ ఖాళీగా ఉంచకూడదన్నారు. అందుకని, వచ్చి ఉంటే ఎలాంటి పుస్తకం వచ్చి ఉండేదో రాస్తున్నాను. తప్పయితే చెప్పండి, మానేస్తాను" అని ఉంది. కింద ఊళ్ళో తాళంచెవులన్నీ పోయిన ఒక రోజు గురించి పేజీన్నర కథ. దాని కింద తన ఎర్ర సిరా. టిక్కు, తారీఖు, "మంచి పుస్తకం. నేను కూడా చదివాను."

మాస్టారు ఆ ముక్క మీద వేలు పెట్టి ఉంచాడు. మళ్ళీ చదివాడు. ఎన్నిసార్లు చదివినా అది తన దస్తూరీయే.

పేజీ తిప్పాడు. రెండో వారం నుంచి పుస్తకాలకి పేర్లొచ్చాయి. 'మూడిళ్ళు మారిన కుర్చీ', రచయిత పేరు దగ్గర అట్ట చిరిగిపోయింది అని. 'నది అవతల వంటవాడు', రచయిత పేరు మీద సిరా ఒలికింది. 'అక్క రాయని ఉత్తరాలు', పేరు చెదలు తినేసింది. ఇరవై ఆరు పుస్తకాలు, ఇరవై ఆరు మంది రచయితలు, ఒక్కరి పేరూ మిగల్లేదు. కళ్ళున్నవాడెవడైనా రెండో వారానికే పట్టుకోవాల్సిన సంగతి. ఇరవై ఆరు సార్లూ ఆయన తను కూడా చదివాననే రాశాడు.

'వాన కొలిచే మనిషి' దగ్గర ఆగాడు. "ఆయన రోజూ పొద్దున్నే మేడ మీదికి వెళ్ళి, డబ్బాలో ఎంత వాన పడిందో పుల్లతో కొలిచి పుస్తకంలో రాస్తాడు. వాన పడని రోజు సున్నా రాస్తాడు. సున్నా రాయడానికి కూడా మెట్లన్నీ ఎక్కాల్సిందే. ఆ లెక్కలు అడిగే ఆఫీసు మూసేసి పదకొండేళ్ళయింది. ఆ సంగతి ఆయనకి తెలుసు. వానకి తెలీదు కదా అంటాడు."

ఎంతోమందికి రాయడం గురించి ఎంతో చెప్పినవాడు ఆయన. "సున్నా రాయడానికి కూడా మెట్లన్నీ ఎక్కాల్సిందే" లాంటి వాక్యం ఆయన జన్మలో రాయలేదు. అది మూడు నెలల క్రితం ఆయన చేతి కిందికి వచ్చింది. ఆయన దాని మీద టిక్కు పెట్టాడు.

పోను పోను డైరీ ఇంకో రకంగా మారింది. "క్రితం వారం పుస్తకంలో వంటవాడే ఇందులో చిన్నపిల్లాడుగా వస్తాడు. రెండూ చదివినవాళ్ళకే ఈ సంగతి తెలుస్తుంది." "ఈ పుస్తకం ఒకాయనకి నచ్చుతుందని నాకు ముందే తెలుసు." అక్కడ మాస్టారి చెవులు వేడెక్కాయి. ఏడాదంతా ఈ పిల్ల తనని ఆడించింది. తను చదవడం లేదని కనిపెట్టి, ప్రతి వారం ఓ గాలం వేసి, చేప పడిందా లేదా అని చూసుకుంది. ఇందాకటి నవ్వు అదే. అలా అనుకున్నాక కాసేపు కోపం వచ్చింది. కోపం వచ్చాక కొంచెం సుఖంగా కూడా ఉంది. కానీ మొదటి పేజీ గుర్తొచ్చేసరికి ఆ సుఖం కాస్తా పోయింది.

"సార్, తాళం వెయ్యాలండీ" అంది ఆయా గుమ్మంలోంచి. ఆయన డైరీని సంచీలో పెట్టుకున్నాడు.

బుధవారం పెద్ద మేడమ్ కబురంపింది. ఆవిడ గదిలోకి వెళ్ళేసరికి బల్లకి ఇవతల దర్జీ నిలబడి ఉన్నాడు. పనిలోంచి లేచి వచ్చినట్టున్నాడు, మెడలో టేపు అలాగే ఉంది. పక్కన కూతురు.

"అధికారి ఫోను చేశారు మాస్టారూ" అంది పెద్ద మేడమ్. "పెద్ద లైబ్రరీలో వెతికించారంట. 'వాన కొలిచే మనిషీ' లేదు, ఇంకోటీ లేదు. డైరీలో ఉన్నవి నాలుగైదు పేర్లు రాసుకుని వెళ్ళారుగా, అందులో ఒక్కటీ ఈ లోకంలో లేదంట. నా పరువు గంగలో కలిసింది. ఏమ్మా, దొంగ పుస్తకాలు రాసి మాస్టారి కళ్ళు కప్పుతావా?"

అమ్మాయి తండ్రి వంక చూసింది.

దర్జీ టేపు కొసని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ మాస్టారి వైపు తిరిగాడు. "అయ్యా, మా ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరు. మీలాంటి వారి దగ్గర చదువుతోందని నలుగురికీ చెప్పుకుంటాను. ఇదిట్టా చేస్తుందనుకోలేదు. పెద్ద మనసుతో క్షమించండి." చేతులు జోడించాడు. వేళ్ళ చివర్లు సూదిపోట్లతో గరుకుగా ఉన్నాయి. ఆ చేతుల వంక చూడలేక మాస్టారు బల్ల మీది కాగితాల బరువు వంక చూశాడు.

"మీ తప్పేం లేదు మాస్టారూ" అంది పెద్ద మేడమ్, గొంతు తగ్గించి. "ఇంతమందివి దిద్దాలి, హడావిడిలో రాసుంటారు. అది నేను చూసుకుంటాను. ఈ పిల్ల మాత్రం రేపు ప్రార్థనలో అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. శిబిరానికి ఇంకో పేరు పంపుదాం."

మాస్టారికి దారి దొరికింది. నోరు మూసుకుని ఉంటే చాలు. ఆయన నోరు మూసుకున్నాడు.

అప్పుడు అమ్మాయి నెమ్మదిగా అంది. "మొదటి పేజీలో రాశానండి."

"ఏం రాశావు? ఏ పేజీ? మాస్టారూ, ఆ డైరీ ఏదీ?"

అమ్మాయి ఆయన వంక చూసింది. భయంగా కాదు, నిలదీస్తున్నట్టూ కాదు. తరువాతి మాట ఆయనదే అన్నట్టు, ఆ మాట ఇప్పుడే వస్తుందన్నట్టు చూసింది. డైరీ ఆయన చేతిలో వేలాడుతున్న సంచీలో ఉంది. గుడ్డ అట్ట అంచు మోకాలికి తగులుతోంది.

"ఇంటి దగ్గర ఉండిపోయిందండీ" అన్నాడు.

అమ్మాయి కళ్ళు దించుకుంది. దర్జీ మరోసారి దండం పెట్టి కూతుర్ని తీసుకుని బయటికి నడిచాడు. వరండాలో "కథలల్లడానికా నిన్ను బడికి పంపింది?" అని తండ్రి గొంతు గదిలోకి వినపడింది.

ఇంటికెళ్ళి మాస్టారు అన్నం సగంలో లేచాడు. భార్య ఏమిటని అడిగితే డైరీ తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చేతులు తుడుచుకుని మొదటి పేజీ చదివింది. ఎర్ర సిరా దగ్గర ఆగింది. మామూలుగా అయితే అక్కడొక చమత్కారం రావాలి. రాలేదు.

"ఆ పిల్ల ఏమంది?"

"మొదటి పేజీలో రాశానంది."

"మీరేమన్నారు?"

"ఇంటి దగ్గర ఉండిపోయిందన్నాను."

ఆవిడ డైరీ మూసి, అట్ట మీద చెయ్యి వేసింది. "మీరు ఫోను చూసుకుంటూ నిద్రపోయినా పోన్లే అనుకున్నాను. బళ్ళోనైనా చదువుతారనుకున్నాను" అంది. తరవాత లేస్తూ అంది. "రేపు మీరు చెప్తారా, నన్నొచ్చి చెప్పమంటారా?"

గురువారం ప్రార్థన అయ్యాక పెద్ద మేడమ్ అమ్మాయిని ముందుకి పిలిచింది. అమ్మాయి వచ్చి మెట్టు మీద నిలబడింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. క్షమాపణ కూడా రాసుకునే వచ్చింది. ఆమె కాగితం విప్పుతుండగా మాస్టారు వరసలోంచి కదిలి మెట్టెక్కాడు. మైకు పట్టుకున్న చెయ్యి చెమట పట్టి జారుతుంటే చెయ్యి మార్చాడు.

"ఈ అమ్మాయి చదవాల్సిన పని లేదు" అన్నాడు. "క్షమాపణ చెప్పాల్సింది నేను. ఈ డైరీలో మొదటి పేజీ మీకు చదువుతాను."

చదివాడు. నాదాకా పుస్తకం రాలేదండి అన్న దగ్గర వెనక బెంచీల పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివర తను రాసిన ముక్క కూడా గట్టిగా చదివాడు. ఎక్కడో ఒక నవ్వు మొదలై అంతలోనే ఆగిపోయింది.

"ఇది నేను చదవకుండా రాశాను. ఈ డైరీ ఒక్కటే కాదు, మీ ఎవరి డైరీలూ నేను చదవలేదు. అట్ట చూసి, దస్తూరీ చూసి సంతకం పెట్టాను. ఈ అమ్మాయి ఎవరినీ మోసం చెయ్యలేదు. నేను చేశాను. నిన్న వాళ్ళ నాన్నగారు నాకు దండం పెడితే పెట్టించుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది."

మైకు ఇచ్చేసి దిగాడు. పెద్ద మేడమ్ మొహం కందగడ్డలా అయింది. "మీకేం, మీరు చెప్పి దులిపేసుకున్నారు" అని పళ్ళ బిగువున అంది. ఆయనకది నొప్పి అనిపించలేదు. ఒళ్ళు తేలికైంది. తప్పు ఒప్పుకున్నవాడికి ఆ పూట లోకమంతా తనని మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది. మాస్టారు కూడా మనిషే కాబట్టి ఆయనకీ అలాగే ఉంది.

వెంటనే అధికారిణికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ "అయితే అది రాసింది ఆ పిల్లేనా!" అంది. ఆ తరవాత, "తప్పకుండా పంపండి. మీ సంగతి వేరే మాట్లాడదాం" అని పెట్టేసింది. చివరి మాట ఆయన చెవికెక్కలేదు. పంపమన్న మాట పట్టుకుని భోజనాల గంటలో అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళాడు.

మెట్ల కింద కూర్చుని ఉంది. టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా పక్కన పెట్టుకుంది. ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"నీ పేరే ఖాయం చేశారమ్మా! ఇప్పుడే ఫోనులో చెప్పారు" అన్నాడు మాస్టారు ఆయాసపడుతూ. డైరీ ఆమెకి అందించాడు. "మీ నాన్నగారి దగ్గరికి సాయంత్రం నేనే వస్తాను. వచ్చి క్షమాపణ అడుగుతాను."

అమ్మాయి డైరీ అందుకుంది. సంతోషపడలేదు. అట్ట మీది కుట్టుని బొటనవేలితో రాస్తూ ఉంది.

"సార్, ఒక్కటీ చదవలేదాండి?"

"ఏమిటమ్మా?"

"ఇరవై ఆరు ఉన్నాయి కదండి. ఏదో ఒకటైనా?"

మాస్టారికి ఆ ప్రశ్న ఎటువైపు నుంచి వస్తోందో వెంటనే అర్థం కాలేదు. అమ్మాయి తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది. "మొదటిసారి మీరు చదివానని రాస్తే భయమేసిందండి. లేని పుస్తకాన్ని సారెలా చదివారు అనుకున్నాను. తరవాత మీరు కూడా ఆట ఆడుతున్నారని అర్థమైంది. పుస్తకాలు దొరకని వాళ్ళతో మీరు అలా ఆడతారనుకున్నాను. అందుకని రెండో వారం ఇంకొంచెం బాగా రాశాను. మళ్ళీ చదివానన్నారు."

మెట్ల మీద పిల్లలు పరిగెత్తుతున్న చప్పుడు తల మీద నుంచి పోయింది.

"మొన్న ఆ మేడమ్ అడిగితే ముసలాయన చనిపోతాడని మీరు చెప్పారు కదండి. అప్పుడైతే నాకు నవ్వాగలేదు. ఎంత చప్పున కల్పించి చెప్పారో అనుకున్నాను. నేననుకున్న ముగింపు అది కాదండి. ఒకరోజు ఎవరో మెట్లెక్కి వచ్చి, మీరు రాసిందంతా ఒకసారి చూపిస్తారా అని అడుగుతారు. అదీ నేననుకున్నది. కానీ మీరు చెప్పారని ఇంటికెళ్ళి నా చిత్తుకాగితాల్లో మార్చేశాను. చంపేశానండి."

మాస్టారు గోడకి చెయ్యి ఆనించాడు. పొద్దున మైకు ముందు పోయిన బరువు రెట్టింపై వచ్చి కూర్చుంది. ఒక అబద్ధం చాలు. "నాకు తెలుసమ్మా, అన్నీ చదివాను, పొద్దున నీకోసం అలా అన్నాను" అంటే ఈ పిల్ల మొహం మళ్ళీ వెలుగుతుంది. ఆ అబద్ధం నాలుక మీద సిద్ధంగానే ఉంది. అలాంటివి చెప్పడం ఆయనకి అలవాటే.

"చదవలేదమ్మా" అన్నాడు. "సోమవారం సాయంత్రం చదివాను. అన్నీ చదివాను. చాలా..."

"సోమవారమాండి?"

"సోమవారం."

అమ్మాయి తల ఊపింది. వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది.

"ఆ మేడమ్ చదివారాండి?"

"చదివారు. నువ్వు చూశావుగా. అరగంట కూర్చుని చదివారు."

"ఆట కాదు కదండి?"

"కాదు. ఆవిడకి నిజంగానే ముగింపు కావాల్సొచ్చింది."

"అయితే శిబిరానికి వెళ్తానండి" అంది. డైరీ ఒంటికి ఆనించుకుని, టిఫిన్ డబ్బా తీసుకుంది.

"అమ్మా, ఆ డైరీ ఇంకొక్కసారి చదివి ఇస్తాను. ఈసారి సరిగ్గా రాస్తాను, ప్రతి కథ కిందా."

"వద్దండి" అంది అమ్మాయి. కోపంగా అనలేదు. ఎవరైనా ఇంకో ముద్ద పెట్టబోతే కడుపు నిండిందని చెయ్యి అడ్డం పెట్టినట్టు, మర్యాదగా అంది. మెట్ల కింద నుంచి వంగి బయటికి నడిచింది.

సాయంత్రం ఆయన దర్జీ కొట్టుకి వెళ్ళాడు. దర్జీ మిషను ఆపి లేచి, కూర్చోమని తన స్టూలే తుడిచి ఇచ్చాడు. మాస్టారు కూర్చోలేదు. చెప్పదలచుకున్నది చెప్పాడు. దర్జీ అంతా విని "పోన్లెండి సార్, పెద్దవారు" అన్నాడు. ఆ మాటకి మాస్టారికి తిట్టు తిన్నట్టయింది.

శుక్రవారం బీరువా తెరిచి ఆఖరి బెంచీ నుంచి పిలిచాడు. వెనక వాళ్ళు తమనేనా అన్నట్టు ఒక్క క్షణం కదల్లేదు. ముందు బెంచీ పిల్లలు గొణిగారు. దర్జీ కూతురు లేచి వచ్చి, పై అరలో మొదటిదే తీసుకుని, రిజిస్టరులో సంతకం చేసి వెళ్ళింది. ఏ పుస్తకమో కూడా చూసుకోలేదు.

శనివారం డైరీలు దిద్దడానికి మాస్టారికి పద్దెనిమిది నిమిషాలు చాలలేదు. బడి వదిలినా కూర్చున్నాడు. ప్రతి డైరీ మొదటి అక్షరం నుంచి చదివాడు. ఒకడు పుస్తకం అట్ట వెనక ఉన్నదే దించేశాడు. ఒకమ్మాయి తన కుక్కపిల్ల గురించి రాసి దాన్నే పుస్తకమంది. వెనక బెంచీ వాడొకడు, రెండు నెలలుగా ఒకే పుస్తకాన్ని వారం వారం పేరు మార్చి రాశాడు. ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు రాశాడు. కొందరికి పేజీ సరిపోక వెనక్కి తిప్పి రాశాడు. ఆయా రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.

ముప్ఫై ఏడు అయ్యాయి. ముప్ఫై ఎనిమిదోది అట్టడుగున ఉంది. బజార్లో కొన్న నోటుపుస్తకం, నీలం అట్ట, కొత్తది. దర్జీ కూతురి పేరు, తరగతి, వరస సంఖ్య అట్ట మీద సరిగ్గా వేసి ఉన్నాయి.

తెరిచాడు. పుస్తకం పేరు, రచయిత పేరు, అచ్చు వేసినవారి పేరు, పేజీలు అరవై నాలుగు. కింద నాలుగు వాక్యాలు. ఒక రైతు, అతని ఇద్దరు కొడుకులు, ఒకడు సోమరి, ఒకడు కష్టజీవి. చివర "నీతి: కష్టపడితే ఫలితం దక్కుతుంది" అని ఉంది. ముగింపు కూడా దాచకుండా చెప్పేసింది. అక్షరాలు అచ్చు వేసినట్టే ఉన్నాయి.

ఆ పుస్తకం బీరువాలోదే. మాస్టారు నిజంగానే ఎప్పుడో చదివాడు. ఆయన ఎర్ర కలం పట్టుకుని ఆ నాలుగు వాక్యాలూ మూడుసార్లు చదివాడు. ఒక్క తప్పు కూడా లేదు.